అదను

సంతాన చికిత్స జరిగే ఆసుపత్రుల్లో స్కానింగ్ గది బయట ఒక బెంచీ ఉంటుంది. దానిమీద కూర్చున్న ఆడవాళ్లు ఒకరి పేరు ఒకరికి తెలియకముందే ఒక ప్రశ్న వేసుకుంటారు: "మీకు లైనింగ్ ఎంత వచ్చిందండీ?" ఎనిమిదిన్నర అన్నావిడ గొంతులో నిబ్బరం ఉంటుంది. ఆరు దగ్గరే ఆగిపోయిందన్నావిడ అక్కడితో మాట ఆపేసి ఫైలు ఒళ్లోకి లాక్కుంటుంది. సాయంత్రం ఇంటి నుంచి ఫోనొస్తే అవతలివాళ్లు అడిగేదీ ఆ అంకే.

లైనింగ్ అంటే గర్భసంచి లోపలి గోడకు పరుచుకుని ఉండే మెత్తటి పొర. వైద్య పుస్తకాల్లో దాని పేరు ఎండోమెట్రియం. నేను లోపొర అంటాను. స్కానింగ్ తెరమీద గర్భసంచి తలకిందులుగా పెట్టిన బేరిపండులా బూడిదరంగులో కనిపిస్తుంది. అండం విడుదలకు ముందు రోజుల్లో దాని నడుమ మూడు తెల్లటి గీతలు, వాటి మధ్య రెండు నల్లటి పట్టీలు తేలతాయి. డాక్టరు ఒక అంచున చిన్న ప్లస్ గుర్తు పెట్టి, ఎదురు అంచుకు ఇంకో ప్లస్ గుర్తు లాగుతారు. తెర కింద అంకె పడుతుంది. ముందు గోడమీది పొర, వెనక గోడమీది పొర ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి ఆ అంకెలో రెండు పొరల మందమూ కలిసి ఉంటుంది. ఎనిమిది మిల్లీమీటర్లంటే ఒక్కో గోడమీద నాలుగు. రెండూ కలిపినా రమారమి ఒక పెన్సిలు లావు.

ఆ పెన్సిలు లావు కోసం మన ఆడవాళ్లు పడే యాతన చూస్తే నాకు బాధ కలుగుతుంది. దానిమ్మ రసాలు, బీట్‌రూట్ రసాలు, ఎండుద్రాక్ష నీళ్లు, వాటిపైన మాత్రలు, ఇంజెక్షన్లు. నెలంతా ఒకటే ధ్యాస. మందం పట్టించుకోనవసరం లేని విషయమని నేననను. కానీ ఆ అంకెకు దక్కుతున్న పెత్తనం దాని అర్హతకు మించినది. లోపొర గురించి నూరేళ్లుగా పోగైన జ్ఞానమంతా మిల్లీమీటర్ల కంటే ముఖ్యమైన ఇంకో సంగతిని చూపిస్తోంది. దానికి మన రైతుల దగ్గర మంచి మాటుంది: అదను.

డాక్టర్లు చాలామంది ఈ విషయాన్ని విత్తనం, నేల అని విడదీసి చెబుతారు. పిండం విత్తనం, గర్భసంచి నేల. వ్యవసాయం చూసి పెరిగినవాళ్లకు వెంటనే బుర్రకెక్కుతుంది. అయితే మట్టి ఎంత లోతుందో చూసి ఏ రైతూ విత్తనం వేయడు. కార్తె చూస్తాడు, వాన చూస్తాడు, పిడికెడు మట్టి తీసి నలిపి పదును చూస్తాడు. నాలుగు రోజులు ముందైనా వెనకైనా అదే నేల, అదే విత్తనం, పంట మాత్రం రాదు. పోలిక అక్కడిదాకా బాగానే ఉంది. ఆపైన తెగిపోతుంది. ఎందుకంటే నేల విత్తనాన్ని పట్టిచూసి నువ్వొద్దని తిప్పి పంపదు. లోపొర పంపుతుంది.

నెలసరి ముగిసేనాటికి లోపొర రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లే ఉంటుంది. పైభాగమంతా రాలిపోయి అడుగు పొర ఒక్కటే మిగులుతుంది. ఆ అడుగు పొరలోని గ్రంథుల మొదళ్ల నుంచి, వరి కోసేసిన మోళ్ల నుంచి పిలకలు లేచినట్టు, కొత్త పొర మళ్లీ లేస్తుంది. దాన్ని లేపేది ఈస్ట్రోజెన్. అండాశయంలో ఎదుగుతున్న అండపు తిత్తి దాన్ని తయారుచేస్తుంది. పది పన్నెండు రోజుల్లో పొర రెండు మూడు రెట్లవుతుంది. ఒక స్త్రీ జీవితంలో ఇలా దాదాపు 400 సార్లు జరుగుతుంది. మోకాలు ఒక్కసారి చీరుకుపోతే ఏళ్ల తరబడి మచ్చ మిగులుతుంది. నెలనెలా పుండై నెలనెలా మానే ఈ పొరమీద మాత్రం మచ్చ పడదు. మన ఒంట్లో ఇంత గొప్పగా మానే కణజాలం ఇంకొకటి చూపించడం కష్టం. దాన్ని మనం "మైల" అనే మాట కింద తొక్కిపెట్టి ఇన్ని తరాలు గడిపాం.

ఈ పొర రాలడాన్ని కళ్లారా చూసిన మనిషి మార్కీ అనే అమెరికన్ శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు. గర్భసంచి లోపలికి సులువుగా తొంగిచూసే వీలు లేని రోజులవి. అందుకని ఆయన రీసస్ కోతుల లోపొర నుంచి చిన్న ముక్కలు తీసి, అదే కోతి కంట్లో, కార్నియా వెనకున్న నీటి అరలో అమర్చాడు. కార్నియా గాజు కిటికీలాంటిది. ముక్కలు అక్కడ నాటుకున్నాయి, వాటికి రక్తనాళాలు వచ్చాయి. ఆ కోతికి నెలసరి వచ్చినప్పుడల్లా కంట్లో ముక్కలూ రక్తం చిమ్మాయి. 1940లో ఆయన అచ్చువేసిన వివరాలు ఇప్పటికీ పాఠాల్లో ఉన్నాయి. నెలసరికి ముందు పొర కుదించుకుపోతుంది. స్ప్రింగులా మెలికలు తిరిగిన ధమనులు నలిగి, తర్వాత బిగుసుకుంటాయి, ముక్క తెల్లగా పాలిపోతుంది, కాసేపటికి బిగువు సడలి రక్తం కారుతుంది. గర్భసంచి నుంచి విడదీసి ఎక్కడో కంట్లో పెట్టినా ఆ ముక్క హార్మోన్ల పిలుపును విని తన గడియారాన్ని తాను నడుపుకుంటూనే ఉందన్నమాట.

అండం విడుదలయ్యాక పగ్గాలు ప్రొజెస్టరాన్ చేతికొస్తాయి. పొర ఎదుగుదల ఆగిపోయి తీరు మారుతుంది. గ్రంథులు వంకరలు తిరిగి పోషక ద్రవాన్ని ఊరుస్తాయి. వాటి మధ్యనుండే సన్నటి కణాలు ఉబ్బి గుండ్రంగా తయారై, రాబోయే పిండాన్ని పట్టుకోవడానికీ, అది మరీ లోతుకు చొరబడకుండా అదుపు చేయడానికీ సిద్ధమవుతాయి. చాలా జంతువుల్లో పిండం వచ్చి తాకాకే ఈ మార్పు మొదలవుతుంది. మనుషుల్లో పిండం వచ్చినా రాకపోయినా ప్రతి నెలా జరుగుతుంది. ఒకసారి ఇలా మారిన పొర వెనక్కి వెళ్లలేదు. గర్భం రాకపోతే రాలిపోవాల్సిందే. నెలసరి ఉన్న జంతువులు అతికొద్దిగా ఉండటానికి కారణం ఇదే: మనుషులు, కొన్ని కోతి జాతులు, కొన్ని గబ్బిలాలు, ఏనుగు చుంచు, ముళ్ల ఎలుక.

ఇక్కడ ఒక వింతుంది. మామూలు పొట్టి వివరణలన్నీ లోపొరను పిండానికి పరిచిన పరుపులా చూపిస్తాయి. కానీ 1960లో కిర్బీ అనే శాస్త్రజ్ఞుడు ఎలుక పిండాలను కిడ్నీ పైపొర కింద పెట్టి చూస్తే అవి అక్కడ హాయిగా పట్టుకుని పెరగడం మొదలుపెట్టాయి. కిడ్నీకి వారం వర్జ్యం లేదు, ఏ దశలో పెట్టినా కాదనదు. గర్భసంచి ఒక్కటే నెలలో ఎక్కువ రోజులు పిండాన్ని నిలవనివ్వదు. మనుషుల్లోనూ ట్యూబులో, అండాశయం మీద, కడుపులో పేగుల మధ్య కూడా గర్భాలు నిలిచిన సందర్భాలు వైద్యులు ఎరుగుదురు. పిండం స్వభావం దూసుకుపోవడం. దాన్ని ఆపి, రోజు చూసి, తలుపు తీసే కాపలాదారు లోపొర.

ఆ తలుపు తీసి ఉండేది కొద్ది రోజులే. 28 రోజుల చక్రంలో సుమారు 20వ రోజు నుంచి 24వ రోజు దాకా. దీనికి మంచి ఆధారం అమెరికాలో విల్‌కాక్స్, ఆయన సహచరులు 1999లో ప్రకటించిన అధ్యయనం. గర్భం కోసం ఎదురుచూస్తున్న మహిళలు రోజూ పొద్దున్నే మూత్రం నమూనా పట్టి దాచారు. ఆ నమూనాలను పరీక్షించి అండం ఎప్పుడు విడుదలైందో, పిండం ఎప్పుడు అంటుకుందో తేల్చారు. నిలబడిన గర్భాల్లో 84 శాతం అండం విడుదలయ్యాక 8, 9, 10వ రోజుల్లో అంటుకున్నవే. తొమ్మిదో రోజులోపు అంటుకున్నవాటిలో 13 శాతం తొలి వారాల్లోనే పోయాయి. పదో రోజున 26 శాతం, పదకొండో రోజున 52 శాతం, ఆ తర్వాత అంటుకున్నవాటిలో 82 శాతం. పదకొండో రోజు దాకా ఒక్కో రోజు ఆలస్యానికీ నష్టం రెట్టింపవుతూ పోయింది. అదను తప్పడమంటే ఏమిటో ఇంతకంటే సూటిగా చెప్పే లెక్క నాకు దొరకలేదు.

ఒంటి బయట పిండాన్ని తయారుచేసి గర్భసంచిలో పెట్టే ఐవీఎఫ్ చరిత్ర తొలి దశాబ్దమంతా ఈ అదను కోసం చీకట్లో వెతుకులాటే. ఇంగ్లాండులోని ఓల్డ్‌హామ్‌లో పాట్రిక్ స్టెప్టో, రాబర్ట్ ఎడ్వర్డ్స్, జీన్ పర్డీ గాజుపాత్రలో పిండాలను తయారు చేయగలిగాక కూడా ఏళ్ల తరబడి గర్భం నిలవలేదు. హార్మోన్లతో అండాలు ఎక్కువగా పండించి, పిండాలను ఆ నెలలోనే లోపల పెట్టేవారు. వాళ్ల చేతుల్లో నిలిచిన తొలి గర్భాల్లో ఒకటి గర్భసంచిలో కాక ట్యూబులో నిలిచింది. 1976లో వాళ్లే దాన్ని లాన్సెట్ పత్రికలో వివరించారు. కాపలా లేని చోట పిండం పట్టుకుందని ఆ ఒక్క ఉదంతాన్ని బట్టి తీర్మానించకూడదు గానీ, ఆలోచింపజేసే సంగతే. లోపొరకు ఊతమని ఇస్తూ వచ్చిన హార్మోను మందే గర్భాలను నిలవనివ్వలేదేమోనన్న అనుమానం తర్వాత వచ్చింది. చివరికి వాళ్లు మందులన్నీ పక్కనపెట్టి, ఒంట్లో సహజంగా పండిన ఒక్క అండంతో ప్రయత్నించారు. 1978 జూలై 25న తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయీజ్ బ్రౌన్ పుట్టింది.

సరిగ్గా 70 రోజులకు, 1978 అక్టోబరు 3న, కలకత్తాలో దుర్గ పుట్టింది.

దుర్గ పుట్టుక వెనకున్న డాక్టర్ సుభాష్ ముఖర్జీ గురించి మన పిల్లలకు బళ్లో చెప్పరు. చెప్పాలి. ఆయన దారి ఓల్డ్‌హామ్ దారి కాదు. ఆయనా హార్మోన్లతో అండాలను ఎక్కువగా పండించాడు. కానీ అలా మందులు వాడిన నెలలో గర్భసంచి పిండాన్ని స్వీకరించే స్థితిలో ఉండదని ఊహించాడు. ఈ నెల కాకపోతే ఏ నెల? అప్పటిదాకా పిండాన్ని ఎక్కడ ఉంచాలి? గడ్డకట్టించి ఉంచుదాం అనుకున్నాడు. మనిషి పిండాన్ని గడ్డకట్టించి, కరిగించి, గర్భంలో పెట్టి బిడ్డను పుట్టించిన దాఖలా అప్పటికి ప్రపంచంలో ఎక్కడా లేదు. శీతల శాస్త్రంలో చెయ్యి తిరిగిన సునీత్ ముఖర్జీ, గైనకాలజిస్టు సరోజ్ కాంతి భట్టాచార్య తోడుగా, డైమిథైల్ సల్ఫాక్సైడ్ రక్షణలో పిండాన్ని 53 రోజులు గడ్డకట్టించి ఉంచి, తల్లి ఒంట్లో మందుల ప్రభావమేమీ లేని తర్వాతి సహజ చక్రంలో లోపల పెట్టాడు.

పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం వేసిన సంఘం ఆయన మాట నమ్మలేదు. విదేశాల్లో జరిగే సదస్సులో చెప్పుకుంటానంటే అనుమతి రాలేదు. కంటి వైద్య సంస్థకు బదిలీ చేశారు. 1981 జూన్ 19న ఆయన ఉరివేసుకున్నాడు. గడ్డకట్టించిన పిండం నుంచి పుట్టిన తొలి బిడ్డగా ప్రపంచం గుర్తించిన జోయీ లేలాండ్ 1984లో ఆస్ట్రేలియాలో పుట్టింది. మన దేశంలో తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీని 1986లో సాధించిన ఘనత ఉన్న టి.సి. ఆనంద్‌కుమార్ తర్వాత ముఖర్జీ కాగితాలు చదివి, ఆ ఘనత నాది కాదు, ఆయనదని 1997లో 'కరెంట్ సైన్స్' పత్రికలో రాశారు. సైన్సులో ఇలాంటి మాట రాయగల మనుషులు అరుదు.

ముఖర్జీ ఊహ సరైనదేనని ఇప్పుడు కారణాలతో సహా తెలుసు. ఒక్క అండానికి బదులు పది పదిహేను పండినప్పుడు రక్తంలో ఈస్ట్రోజెన్ అనేక రెట్లు పెరుగుతుంది, ప్రొజెస్టరాన్ కూడా ముందే తల ఎత్తుతుంది. లోపొర గడియారం ముందుకు జరిగిపోతుంది. తెరమీద చూస్తే పన్నెండు మిల్లీమీటర్ల చక్కటి పొర, కానీ పిండం వచ్చేసరికి తలుపు మూసేసి ఉంటుంది. ఇవాళ చాలా ఆసుపత్రుల్లో పిండాలన్నీ గడ్డకట్టించి తర్వాతి నెలల్లో లోపల పెట్టడానికి మూలం ఈ ఆలోచనే. అలాగని అందరికీ అదే మేలనుకోకూడదు. చైనాలో పీసీఓఎస్ (అండాశయాల్లో నీటితిత్తుల సమస్య) ఉన్న 1,508 మంది మీద జరిగి 2016లో వెలువడిన పరీక్షలో, గడ్డకట్టించి తర్వాత పెట్టినవారిలో 49.3 శాతం మందికి, వెంటనే పెట్టినవారిలో 42 శాతం మందికి బిడ్డలు పుట్టారు. అండాలు అతిగా పండి ఒళ్లు ఉబ్బే ప్రమాదం కూడా బాగా తగ్గింది. పీసీఓఎస్ లేనివాళ్ల మీద 2018లో వచ్చిన చైనా, వియత్నాం పరీక్షల్లో ఈ తేడా కనిపించలేదు. కాబట్టి "ఫ్రోజెన్ అయితేనే మంచిది" అని గుడ్డిగా చెప్పేవారిని, నా విషయంలో ఎందుకండీ అని అడగడం తప్పేమీ కాదు.

లోపొరకు అండాశయం కూడా అక్కర్లేదని 1984లో తేలింది. మెల్‌బోర్న్‌లోని మొనాష్ బృందం అండాశయాలు పనిచేయని ఒక యువతికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరాన్ రెండూ బయట నుంచే ఇచ్చి, వేరొకరి అండంతో తయారైన పిండాన్ని పెట్టి కాన్పు చేయించిన సంగతి ఆ ఏడాది 'నేచర్' పత్రికలో వచ్చింది. రెండు మందులు, ఒక క్యాలెండరు చాలన్నమాట. ఆ తర్వాత వయసు విషయంలోనూ ఒక పాఠం దొరికింది. దాత అండంతో చేసే చికిత్సల్లో ఫలితం ప్రధానంగా దాత వయసును బట్టి ఉంటుంది, మోసే తల్లి వయసును బట్టి కాదు. అండం ముసలిదవుతుంది, లోపొర అంతగా కాదు. 2019 సెప్టెంబరులో గుంటూరులో 70 ఏళ్లు దాటిన తూర్పు గోదావరి మహిళ సిజేరియన్‌తో కవలలను కన్న వార్త మనందరం టీవీల్లో చూశాం. నెలసరి ఆగి దశాబ్దాలైన ఆమె లోపొర హార్మోన్ల పిలుపుకు మళ్లీ లేచింది. ఆ వయసులో ఆ గుండె, ఆ రక్తనాళాలు ఎంత ప్రమాదం మోశాయన్నది వేరే విషయం, దాన్ని ఘనకార్యమని చప్పట్లు కొట్టడానికి నాకు చేతులు రావు. 2021లో వచ్చిన కేంద్ర చట్టం ఇలాంటి చికిత్సలు పొందే స్త్రీలకు 50 ఏళ్ల వయోపరిమితి పెట్టింది. కానీ ఆ కాన్పు ఒక జీవశాస్త్ర సత్యాన్ని మన గుమ్మంలోనే చూపించింది.

మరి మిల్లీమీటర్ల మాటేమిటి? కెనడాలో 40,000కు పైగా పిండ బదిలీల లెక్కలు తీసి 2018లో ప్రచురించారు. పిండాలను వెంటనే పెట్టిన చక్రాల్లో లోపొర 8 మిల్లీమీటర్లు, ఆపైన ఉన్నవారిలో బిడ్డ పుట్టిన శాతం 33.7. ఏడుకూ ఎనిమిదికీ మధ్య 25.5. ఆరుకూ ఏడుకూ మధ్య 24.6. ఐదుకూ ఆరుకూ మధ్య 18.1. గడ్డకట్టించి పెట్టిన చక్రాల్లో 8 పైన 28.4, ఏడుకూ ఎనిమిదికీ మధ్య 27.4, దాదాపు సమానం. ఆరుకూ ఏడుకూ మధ్య 23.7, ఐదుకూ ఆరుకూ మధ్య 15. ఆ లెక్కల్ని నేను ఇలా చదువుతాను: పల్చబడినకొద్దీ అవకాశం తగ్గుతుంది, ఎక్కడా సున్నా కాదు. ఆరున్నర వచ్చినావిడ ఫైలు ఒళ్లోకి లాక్కుని తలదించుకోవాల్సిన అవసరమే లేదు. ఎనిమిది దాటాక ఇంకా పెంచాలన్న తాపత్రయానికీ పెద్దగా ప్రయోజనం లేదు. నాలుగైదు మిల్లీమీటర్ల పొరతో బిడ్డలు పుట్టిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

పొర పల్చగా ఉండటం కంటే, ఎందుకు పల్చగా ఉందన్నది అసలు ప్రశ్న. మన దేశంలో ఈ ప్రశ్నకు ఒక జవాబు క్షయ. ఊపిరితిత్తుల్లో మొదలైన సూక్ష్మజీవి రక్తంలో ప్రయాణించి ముందు ట్యూబుల్ని, తర్వాత గర్భసంచి లోపొరనూ పట్టుకుంటుంది. దగ్గుండదు, జ్వరం తెలియదు. నెలసరి క్రమంగా తగ్గి తగ్గి మరకలా మారుతుంది, కొందరిలో ఆగిపోతుంది. పొర అడుగు దాకా తినేస్తే రెండు గోడలూ అతుక్కుపోతాయి. అప్పుడు ఎన్ని ఈస్ట్రోజెన్ మాత్రలిచ్చినా లేవడానికి పిలకలుండవు. ఇంకోవైపు, క్షయ రుజువు కాకుండానే ఒక్క పీసీఆర్ పరీక్షను పట్టుకుని ఆరు నెలల మందులు మొదలుపెట్టే అలవాటు కూడా మన దగ్గర ఉంది. చనిపోయిన క్రిమి తునక దొరికినా ఆ పరీక్ష అవునంటుంది. కణజాల పరీక్ష, కల్చరు, గర్భసంచిలోకి కెమెరా పంపి చూసే హిస్టరోస్కోపీ, ఇవి చూపించేదంతా కలిపి చూడాలి.

రెండో జవాబు మన ఇళ్లలో "కడిగించుకోవడం" అనే మాట. గర్భం పోయిందనో, కాన్పు తర్వాత మాయ ముక్క మిగిలిందనో చేసే డీ అండ్ సీ. పదునైన పరికరంతో గీకినప్పుడు, అందులోనూ కాన్పు తర్వాతి మెత్తటి గర్భసంచిలో, పై పొరతోపాటు అడుగు పొర కూడా లేచిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు గోడలు అతుక్కుంటాయి. 1948లో దీన్ని వివరంగా రాసిన జోసెఫ్ ఆషెర్మన్ పేరే దానికి స్థిరపడింది. గీకే పద్ధతి బదులు పీల్చే పద్ధతి గానీ మాత్రలు గానీ వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ ఒక్క సంగతి ఊళ్లలోకి చేరితే రేపు ఎంతమంది ఆ బెంచీమీద కూర్చోవాల్సిన పని తప్పుతుందో.

కనిపించే లోపాలు ఇంకా కొన్ని ఉన్నాయి. పాలిప్, లోపొర కింద నుంచి లోపలికి పొడుచుకొచ్చిన ఫైబ్రాయిడ్ వంటివి హిస్టరోస్కోపీలో దొరుకుతాయి, అప్పుడే తీసేయవచ్చు. వీటికంటే ఎక్కువగా ఏమరుపాటున వదిలేసేది నీరు నిండిన ట్యూబు. మూసుకుపోయి ఉబ్బిన ట్యూబులోని ద్రవం వెనక్కి గర్భసంచిలోకి జారి పిండాన్ని, పొరను రెంటినీ చెడగొడుతుంది. ఐవీఎఫ్ ఫలితాన్ని దాదాపు సగానికి తగ్గిస్తుంది. ఐవీఎఫ్ చేస్తున్నాం కదా, ట్యూబుతో పనేముందని దాన్ని వదిలేయకూడదు. ముందు తీసేసో, గర్భసంచి దగ్గర మూసేసో మొదలుపెడితే ఫలితం మెరుగుపడుతుందని రుజువైంది.

రుజువు కానివి అమ్ముడుపోయే తీరు చూస్తే మాత్రం కోపమొస్తుంది. 2003లో ఇజ్రాయెల్ పరిశోధకులు ఒక సంగతి గమనించారు. పరిశోధన కోసం లోపొర నుంచి చిన్న ముక్కలు తీసిన స్త్రీలలో ఆ తర్వాత ఐవీఎఫ్ బాగా ఫలించింది. ముక్క తీసినవారు 45 మంది, తీయనివారు 89 మంది. బిడ్డలు పుట్టిన శాతం 48.9, 22.5. అంతే, "స్క్రాచింగ్" ప్రపంచమంతా పాకింది. పొరను గోకితే మానే క్రమంలో పిండాన్ని పట్టుకునే శక్తి వస్తుందని వివరణ. పదహారేళ్ల తర్వాత, 2019లో, ఐదు దేశాల్లో 1,364 మంది మీద చీటీ తీసినట్టు ఎంపిక చేసి పరీక్షించారు. గోకినవారిలో 26.1 శాతం, గోకనివారిలో 26.1 శాతం. ఈ మధ్యలో ఎందరు స్త్రీలు మత్తు కూడా లేకుండా ఆ నొప్పి భరించి, దానికి డబ్బు కూడా కట్టారో.

ఈఆర్ఏ పరీక్ష కథ ఇంకాస్త విచారకరం, ఎందుకంటే దాని ఆలోచన నిజంగా అందమైనది. స్పెయిన్‌లోని వాలెన్సియాలో కార్లోస్ సిమోన్ బృందం 2011లో దాన్ని తెచ్చింది. లోపొర ముక్కలో 238 జన్యువుల పనితీరు చూసి తలుపు తెరుచుకుందా, ఇంకా లేదా, మూసేసిందా చెప్పాలన్నది ఉద్దేశం. అదను కొలిచే యంత్రమన్నమాట. ఒక్కొక్కరికీ తన అదనును బట్టి పిండాన్ని పెట్టవచ్చు. కానీ 2022లో జామా పత్రికలో వచ్చిన పరీక్షలో, ఆ పరీక్ష చెప్పిన రోజున పెట్టినవారిలో 58.5 శాతం మందికి, మామూలు రోజున పెట్టినవారిలో 61.9 శాతం మందికి బిడ్డలు పుట్టారు. మేలేమీ కనిపించలేదు. అదను ఉందన్నది నిజం. ఒక నెల తీసిన ముక్క ఇంకో నెల అదనును చెబుతుందన్నదే రుజువు కాలేదు. గర్భసంచిలోకి పీఆర్‌పీ ఎక్కించడం, సిల్డెనాఫిల్, జీ-సీఎస్ఎఫ్ వంటివి పల్చని పొర ఉన్న కొందరిలో ప్రయత్నించదగినవి కావచ్చు. గట్టి ఆధారాలు ఇంకా లేవు. ఇవి చేయించకపోతే మీదే తప్పు అన్నట్టు ఎవరైనా మాట్లాడితే ఇంకొక డాక్టరు అభిప్రాయం తీసుకోండి.

తప్పు అనే మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. పిండం నిలవనప్పుడు మన ఇళ్లలో మొదట వినిపించేది గర్భసంచి మంచిది కాదనే మాట. పాత రోజుల్లో ఒక్క మాటతో తిట్టేవారు, ఇప్పుడు లైనింగ్ అనే ఇంగ్లీషు మాట అడ్డం పెట్టుకుని అదే అంటున్నారు. లెక్కలు ఇంకోలా ఉన్నాయి. క్రోమోజోములు సరిగా ఉన్నాయని పరీక్షించిన పిండాలను ఒక్కొక్కటిగా పెట్టించుకున్న 4,429 మంది స్త్రీల వివరాలు 2021లో వచ్చాయి. వాళ్ల గర్భసంచుల్లో కనిపించే లోపాలు లేవు. మూడు ప్రయత్నాల్లోపు పిండం అంటుకునే అవకాశం 95 శాతం దాటుతుందని ఆ లెక్క తేల్చింది. అంటే పిండం సరైనదైతే, కనిపించే జబ్బు లేకపోతే, లోపొర వల్లనే పదేపదే విఫలమయ్యేవారు చాలా తక్కువమంది. ఎక్కువ వైఫల్యాలకు మూలం పిండంలో ఉంటుంది, అందులో తండ్రి వాటా కూడా ఉంటుంది.

పైగా తిప్పి పంపడం లోపొర చేసే పనుల్లో ఒకటి. జాన్ బ్రోసెన్స్, నిక్ మాక్లన్ బృందాలు ప్రయోగశాలలో లోపొర కణాలను పిండాల పక్కన పెంచి చూశాయి. దెబ్బతిన్న పిండం తగిలితే ఆ కణాలు గర్భాన్ని నిలిపే పదార్థాల తయారీని తగ్గించేశాయి. మళ్లీ మళ్లీ గర్భస్రావమయ్యే కొందరిలో ఈ జల్లెడ కన్నాలు పెద్దవై, నిలవలేని పిండాలను కూడా లోపలికి రానిస్తోందని వాళ్ల వాదన. ఆ వాదన ఎంతదాకా నిలుస్తుందో ఇంకా చూడాలి. కానీ ఆసుపత్రి బెంచీమీద కూర్చున్న మనిషికి ఇది చెప్పదగిన సంగతే: నెగెటివ్ వచ్చిన కొన్ని నెలల్లో మీ గర్భసంచి తన పని తాను సరిగ్గానే చేసి ఉండవచ్చు.

పిండాన్ని పెట్టే రోజు. సన్నటి మెత్తటి గొట్టం కొసన చుక్కంత ద్రవం, అందులో ఒక మిల్లీమీటరులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా ఉండే పిండం. తెరమీద రెండు పొరల మధ్య ఒక తెల్లటి మెరుపు కనిపిస్తుంది, అది పిండం కాదు, దానితో వెళ్లిన గాలి బుడగ. రెండు పొరలూ తడిసిన రెండు పట్టుగుడ్డల్లా ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. లేచి నిలబడితే జారిపడటానికి అక్కడ ఖాళీయే లేదు. అయినా పదిహేను రోజులు మంచం దిగనివ్వని ఇళ్లు ఎన్నో ఉన్నాయి. పడుకోబెట్టడం వల్ల మేలేమీ లేదని పరీక్షలు చెబుతున్నాయి. లేచి తిరగండి, వంట చేసుకోండి, ఆఫీసుకు వెళ్లండి.

ఈమధ్య చక్రం మళ్లీ వెనక్కి తిరుగుతోంది. మాత్రలతో లోపొరను కట్టే పద్ధతిలో అండం విడుదల కాదు, కాబట్టి అండం విడిచిన తిత్తి మిగల్చే పసుపు గ్రంథి ఏర్పడదు. అలా నిలిచిన గర్భాల్లో తల్లికి బీపీ పెరిగి ప్రీఎక్లాంప్సియా వచ్చే ప్రమాదం ఎక్కువని గత కొన్నేళ్లలో తెలిసింది. ఆ గ్రంథి ప్రొజెస్టరాన్‌తోపాటు రక్తనాళాలను గర్భానికి సిద్ధం చేసే మరికొన్ని పదార్థాలనూ ఇస్తుంది, వాటిని మనం మాత్రల్లో ఇవ్వడం లేదు. అందుకే నెలసరి క్రమంగా వచ్చేవారికి సహజ చక్రంలోనే పిండాన్ని పెట్టడానికి ఎక్కువమంది డాక్టర్లు మొగ్గుతున్నారు. అందులో మందులు తక్కువ, పొద్దున్నే లేచి చూసుకోవడం ఎక్కువ. మూత్రపు పట్టీమీద రెండో గీత ముదిరే రోజు కోసం కాచుకుంటారు. ఆ తర్వాత ఆరో రోజో ఏడో రోజో, ఐదు రోజులు పెరిగి గడ్డకట్టిన పిండాన్ని కరిగించి లోపల పెడతారు. 1978 జనవరి ప్రాంతంలో కలకత్తాలో దుర్గ వాళ్లమ్మకు సుభాష్ ముఖర్జీ ఎంచుకున్నదీ అలాంటి నెలనే.